చిట్కుల్ చల్లగాలి

పాశమైలారంలో బాయిలర్ దగ్గర పనిచేసే థామస్‌కు నిద్రంటే ప్రాణం. ఆఖరి నిమిషంలో లేచినా బండెక్కి డ్యూటీ అందుకోవచ్చని చిట్కుల్‌లో కాపురం పెట్టాడు. భార్య గ్రేస్ మాత్రం ఇల్లు మారదామని పోరుతోంది. ఫ్యాక్టరీల వాసనకు కూతురు క్లారాకు ఆయాసం పట్టుకుంది మరి.

నిద్ర కోసం మనిషి ఎంతకైనా తెగిస్తాడు. థామస్ మారుపేరుతో ‘చిట్కుల్ చల్లగాలి’ అనే చానల్ తెరిచాడు. రోజూ పొద్దున్నే బాత్‌రూమ్‌లో దూరి, "ఈరోజు గాలి బ్రహ్మాండం" అని వీడియో పెట్టేవాడు. గొంతు మారాలని ముక్కు మూసుకునేవాడు. ఆ కంపుకు ఎలాగూ మూసుకోవాల్సిందే.

"గ్రేసూ, దీన్ని సబ్‌స్క్రైబ్ చెయ్."

"అంటే ఏంది?"

"బటన్ ఒత్తితే సాలు, అడగకున్నా రోజూ ఖబర్ వస్తది."

"అడగకుండ వచ్చేటోళ్లు మనింటికి మస్తున్నరు. మీ చెల్లె గిట్ల. పైసలు గట్టాల్నా?"

"వద్దు. నమ్మితే సాలు."

"గదే పైసల కంటె పిరం," అంటూనే గ్రేస్ బటన్ ఒత్తింది.

ఊరి వార్తలన్నీ మోసే పక్కింటి ఆగమ్మ చెవిన పడ్డాక వాడకట్టంతా సబ్‌స్క్రైబ్ చేసింది. మూసిన కిటికీలు తెరుచుకున్నాయి. థామస్ హాయిగా గురకపెట్టాడు.

ఒకరోజు ఆగమ్మ ఆ వీడియో నమ్మి, దమ్ము రోగంతో బాధపడే తన ముసలి మొగుడి మంచం ఆరుబయట వేసింది. మధ్యాహ్నానికి ఊపిరాడక ఆయన్ని పటాన్‌చెరు ఆసుపత్రిలో చేర్చారు. ఆ పూట థామస్‌కు ముద్ద దిగలేదు.

మర్నాడు బాత్‌రూమ్ తలుపు తీసేసరికి ఎదురుగా గ్రేస్.

"నిన్నటి వీడియోల మన కుక్కర్ కూత ఇనొచ్చింది."

థామస్ ఫోన్ వీపు వెనక దాచాడు.

"ఇయ్యాల బయట గూసొని సెప్పు. బిడ్డను ఒళ్లె కూసోబెట్టుకొని సెప్పు. గాలి మంచిగున్నదని నీ నోటెంట వస్తే, నేను ఈడనే పడుంట."

గ్రేస్ ఫోన్ లాక్కుని వీడియో తీయడానికి పట్టుకుంది. క్లారా వచ్చి ఒళ్లో కూర్చుంది. పిల్ల పక్కటెముకలు అతని అరచేతి కింద ఎగిరెగిరి పడుతున్నాయి. ఇన్నాళ్లూ నిద్రపోయింది ఈ చప్పుడు పక్కనేనా అని అతనికి ఏడుపొచ్చింది.

"నమస్తే... నేను థామస్‌ను. గాలి మంచిగ లేదు. ఇన్ని దినాలు అబద్ధం జెప్పిన. కిటికీలు మూస్కోండ్రి. సంగారెడ్డి దిక్కు కిరాయికి రూమ్ ఉంటే జెర సెప్పుండ్రి."

కాసేపటికే ఫోన్ మోగింది. ఆసుపత్రి నుంచి ఆగమ్మ. తిట్లు తినడానికి సిద్ధపడి థామస్ ఫోన్ చెవిన పెట్టుకున్నాడు.

"రెండు రూములు దొర్కుతయేమో సూడు బిడ్డా, మాకొకటి," అంది ఆగమ్మ.