ఇరవై ఏడో నంబరు వదిలేసిన మూడు క్యాచ్‌లు

సోమ్‌జీన్‌కు లోకంలో అన్నిటికంటే పెద్ద భయం ఒక్కటే: తన కూతురు మధ్యాహ్నం అన్నం తినకుండా ఉండిపోతుందేమోనని. ఆమెకు పాములంటే భయం లేదు, వరదలంటే భయం లేదు, అత్తగారంటే కూడా పెద్దగా లేదు. మూడేళ్ల నమ్‌తాన్ నోరు బిగించిందంటే మాత్రం గిన్నె పట్టుకుని ఇల్లంతా పిల్ల వెంట తిరిగేది. ఆ నోరు తెరిపించగల మనిషి నోంగ్‌ఖామ్ ఊరు మొత్తానికి ఒక్కతే, పిల్లల బడిలో ఆయాగా చేసే ఉబోన్ అక్క. ఆమె జిగురన్నాన్ని చిన్న చిన్న కుందేళ్లుగా ఒత్తి, నువ్వుగింజలతో కళ్లు పెట్టి, "చెవులు ముందు తింటావా, తోక ముందు తింటావా?" అని అడిగేది. నమ్‌తాన్ రెండూ తినేది. తల్లి చేసిన కుందేళ్లను మాత్రం ఎలుకలనేది.

ఖర్మకాలి ఆ ఉబోన్ అక్క ఊరి ఆడవాళ్ల క్రికెట్ జట్టులో ఉంది. ఆ జట్టుకు సోమ్‌జీన్ కెప్టెన్. కుందేళ్లను అంత ముద్దుగా ఒత్తే ఆ చేతులు బంతి వస్తే చాలు, వేడి మూకుడు తగిలినట్టు విడిపోయేవి. పోయిన ఆదివారం పక్క ఊరితో ఆడినప్పుడు మూడు క్యాచ్‌లు వదిలేసింది. మూడూ సోమ్‌జీన్ వేసిన బంతులే. జట్టు ఓడింది. ఓడినవాళ్లంతా నవ్వుతూ మైదానానికి వంగి దణ్ణం పెట్టి, ఉబోన్ అక్క తెచ్చిన పుచ్చకాయ కోసుకుతిని ఇళ్లకు వెళ్లారు. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆ ఊళ్లో నలుగురి ముందు మనిషి తప్పు ఎత్తిచూపడం కన్నా ఆ మనిషి ఇంటికి నిప్పు పెట్టడం మర్యాద. ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు.

ఈ ఆదివారం కూడా ఓడితే జిల్లా పోటీలకు సెలవు. అందుకని శుక్రవారం పొద్దున్నే సోమ్‌జీన్ ఒక చిన్న పని పెట్టుకుంది. ఆరింటికి ఊరి పెద్ద ఖామ్‌పన్ ఇంటికి వెళ్లాలి, ఆయన రోజూ ఊరికి కబుర్లు చెప్పే మైకులో ఆట ఎన్ని గంటలకో చెప్పాలి, వచ్చి పిల్లకు తల దువ్వాలి. అంతే.

"పన్లో పని, ఆ క్యాచ్‌ల సంగతి కూడా చెప్పెయ్" అన్నాడు ఆమె భర్త వుత్ పళ్లు తోముకుంటూ. "కెప్టెన్‌వి కదా. అందరూ వింటుండగా ఒక్కసారి అంటే, సిగ్గుతోనైనా పట్టుకుంటుంది."

"అనేస్తాను. రేపట్నుంచి నీ కూతురికి కుందేళ్లు నువ్వు చేసి పెడతావా?"

వుత్ నోట్లో నురుగు ఉమ్మేశాడు. "అయితే పేరు చెప్పకు."

ఆ సలహా ఆమెకు బాగా నచ్చింది. పేరు చెబితే అవమానం. చొక్కా వెనక ఉన్న నంబరు చెబితే మర్యాద. ఆరో తరగతితో బడి మానేసిన తనకు ఇంత తెలివి ఎక్కణ్ణించి వచ్చిందా అని దారంతా మురిసిపోయింది.

ఖామ్‌పన్ దోమల మందు గురించి, తప్పిపోయిన ఒక బాతు గురించి చెప్పి మైకు ఆమె చేతికిచ్చాడు. ఊళ్లోని స్తంభాల మీది గొట్టాలన్నీ ఒక్కసారి కీచుమన్నాయి. సోమ్‌జీన్ వణుకుతున్న గొంతుతో కాగితం చదివింది.

"జట్టు అక్కచెల్లెళ్లందరికీ నమస్కారం. ఆదివారం పొద్దున ఏడింటికి మైదానానికి రండి. మంచినీళ్లు ఎవరివి వాళ్లు తెచ్చుకోండి. ఇంకా... నేను ఎవరి పేరూ చెప్పను. చెప్పడం నాకిష్టం లేదు. కానీ ఇరవై ఏడో నంబరు మూడు క్యాచ్‌లు వదిలేసింది. ఇరవై ఏడు రెండు చేతులూ దగ్గర పెట్టుకుంటే బాగుంటుంది. ఇరవై ఏడు చాలా మంచి మనిషి. ఉంటాను."

మైకు కట్టేసి తల ఎత్తేసరికి ఖామ్‌పన్ గోడ మీది క్యాలెండర్ వైపు గుడ్లప్పగించి చూస్తున్నాడు. కాఫీ గ్లాసు గాల్లోనే ఆగిపోయింది. అమ్మో, ఈయనకు కోపం వచ్చింది అనుకుంది సోమ్‌జీన్.

క్యాలెండర్‌లో ఆ రోజు పదహారు. నెలకు రెండుసార్లు, ఒకటో తేదీన, పదహారున, సర్కారు లాటరీ తీస్తారు. ఆ రోజుల్లో నోంగ్‌ఖామ్ జనానికి నంబరు కనిపించని చోటు ఉండదు. రెండు తోకల బల్లి పుడితే దాని పొట్ట మీద అంకెలు వెతుకుతారు. లారీ బోల్తా పడితే ముందు నంబరు ప్లేటు రాసుకుని తర్వాత డ్రైవరును బయటకు లాగుతారు. అలాంటి ఊళ్లో, అలాంటి పొద్దున, ఎన్నడూ ఎవరినీ ఒక్క మాట అనని మనిషి వణికే గొంతుతో ఇరవై ఏడు, ఇరవై ఏడు, ఇరవై ఏడు అని మూడుసార్లు అంది. పిల్ల పుట్టిన దగ్గర్నుంచి సోమ్‌జీన్‌కు తేదీలు గుర్తుండటం లేదు, కూతురు ఎన్ని ముద్దలు తిన్నదన్నదే గుర్తుంటోంది.

ఏడున్నరకు పిల్లను తీసుకుని బడికి వెళ్తే ఉబోన్ అక్క లేదు. వంటామె ఒక్కతే గుమ్మంలో నిలబడి ఉంది.

"ఉబోనా? మైకులో విన్నప్పట్నుంచి మనిషి మనిషిలా లేదమ్మా. కళ్లనిండా నీళ్లు. మొగుడి బండేసుకుని పట్నం వెళ్లిపోయింది."

"పట్నమా! ఎందుకు?"

"చెప్పలేదు. దొరికేదాకా తిరిగి రానంది."

"ఏం దొరికేదాకా?"

"అదే కదా చెప్పలేదంటున్నా!"

ఇంకేం దొరకాలి, వేరే ఉద్యోగం. సోమ్‌జీన్ నమ్‌తాన్‌ను చంకనేసుకుని మళ్లీ ఊరి పెద్ద ఇంటికి పరుగెత్తింది. నలుగురిలో అన్న మాటను నలుగురిలోనే వెనక్కి తీసుకోవాలి కదా.

"మామా, ఇంకొక్కసారి మైకులో మాట్లాడాలి."

ఖామ్‌పన్ కుర్చీలోంచి లేచి మరీ మైకు అందించాడు. "మాట్లాడు తల్లీ, మాట్లాడు. తొందరేం లేదు. అంకెలు మాత్రం కొంచెం స్పష్టంగా చెప్పు."

"ఇరవై ఏడో నంబరును తొందరపడి అన్నాను, క్షమించండి" అంది సోమ్‌జీన్ కళ్లు తుడుచుకుంటూ. "అది పద్నాలుగో ఓవరు. ఎండ కళ్లలో పడింది. ఎవరైనా వదిలేస్తారు."

ఖామ్‌పన్ ఆమె మోచేయి గిల్లాడు. "పద్నాలుగేనా? పదిహేను కాదు కదా? బాగా గుర్తు తెచ్చుకో." పక్కన కాగితం మీద ఏదో రాసుకుంటున్నాడు కూడా. పంచాయితీ పెట్టబోతున్నాడని ఆమెకు అర్థమైపోయింది.

దారిలో నూడుల్స్ బండి బున్మా పిన్ని గరిటె అడ్డం పెట్టి ఆపింది.

"అమ్మాయ్, నా దగ్గర దాచకు. ఆమె వదిలినప్పుడు టైమెంత?"

"గుర్తులేదు పిన్నీ."

"బాగా ఆలోచించు. నీ మేలు కోరేదాన్ని. మొత్తం ఎన్ని పరుగులు పోయాయి దానివల్ల?"

"పంతొమ్మిదో ఇరవయ్యో..."

"ఏదో ఒకటి చెప్పవే! ఇద్దరికీ మంచిది కాదు ఇలా నసిగితే."

"పంతొమ్మిది" అంది సోమ్‌జీన్ ఏడుపు గొంతుతో. బున్మా పిన్ని అరచేతిలో పెన్నుతో రాసుకుని, ఉడుకుతున్న కుండను అలాగే వదిలేసి సైకిలెక్కింది. సాక్ష్యాలు కూడా సేకరిస్తున్నారన్నమాట.

మధ్యాహ్నమైంది. సోమ్‌జీన్ కూతురి ముందు ఆరు కుందేళ్లు వరసగా పెట్టింది. నమ్‌తాన్ ఒక్కొక్కదాన్నీ పరిశీలించింది.

"ఎలుక. ఎలుక. ఎలుక. చచ్చిపోయిన ఎలుక" అని నోరు మూసేసింది.

వుత్ ఒకటి చేశాడు. దాన్ని కప్పంది. తల్లి బతిమాలింది, పాట పాడింది, చివరికి ఏడ్చింది. పిల్ల మూసిన నోటితోనే తల్లి కళ్లు తుడిచింది గాని ఒక్క మెతుకు ముట్టలేదు. "చూశావా?" అంది సోమ్‌జీన్ భర్తతో. "సిగ్గుతో పట్టుకుంటుందన్నావు. ఎవరు పట్టుకున్నారు, ఏం పట్టుకున్నారు?" వుత్ ఆ కప్పను తనే తినేసి బయటికి వెళ్లి కూర్చున్నాడు.

నాలుగు గంటలవుతుండగా వీధి చివర గోల లేచింది. డప్పులు, బళ్ల హారన్లు, వంద మంది అరుపులు. ఆ గోలలో ఆమెకు తన పేరు వినిపించింది. సోమ్‌జీన్ పిల్లను ఎత్తుకుని పెరట్లో పెద్ద నీళ్ల బాన వెనక నక్కింది. గుమ్మంలో వుత్ రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

"మా ఆవిడ ఇంట్లో లేదు" అన్నాడు ధైర్యంగా. "బాన వెనకాల అయితే అస్సలు లేదు."

జనం తిన్నగా బాన దగ్గరికొచ్చారు. ముందు ఉబోన్ అక్క. జుట్టు రేగిపోయి, మొహమంతా దుమ్ము, చేతిలో లాటరీ టిక్కెట్ల కట్ట.

"ఇక్కడున్నావా నా బంగారుతల్లీ!" అని సోమ్‌జీన్‌ను వాటేసుకుంది. "ఇరవై ఏడు వచ్చిందే! ఆఖరి రెండంకెలు! మూడు సంతలు తిరిగాను నా నంబరు టిక్కెట్ల కోసం. మన ఊళ్లో ఆరున్నరకే అయిపోయాయి, దొంగ సచ్చినోళ్లు ఒక్కటి మిగల్చలేదు!"

"నీకు కోపం లేదా అక్కా?"

"కోపమా? నా పుట్టుకలో ఎవరైనా నా గురించి మైకులో చెప్పారా? ఇలా అవుతుందని తెలిస్తే ఇంకో రెండు వదిలేదాన్ని!"

ఖామ్‌పన్ సోమ్‌జీన్ మెడలో మల్లెదండ వేశాడు. బున్మా పిన్ని ఎర్ర సోడా సీసా మూత తీసి, స్ట్రా వేసి, ఊరి దేవత ముందు పెట్టినట్టే ఆమె కాళ్ల ముందు పెట్టి దణ్ణం పెట్టింది. చూస్తుండగా సీసాలు ముప్పై అయ్యాయి. ఉబోన్ అక్క ఇవేం పట్టించుకోకుండా చేతులు కడుక్కుని, ఎలుకలను పిసికి మళ్లీ కుందేళ్లు చేసింది. నమ్‌తాన్ నాలుగు తింది. ఊరంతా లాటరీ తగిలిందని గంతులేస్తుంటే, సోమ్‌జీన్ ఆ నాలుగు కుందేళ్లను తలచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కథ అక్కడితో ఆగితే కెప్టెన్ నోరు విప్పడం మంచిదేనని తేలిపోయేది. మర్నాడు పొద్దున్నే నలభై ఒకటో నంబరు తోంగ్‌బాయ్ గుమ్మంలో నిలబడింది.

"ఉబోన్ ఒక్కతే కనిపించిందా నీకు? నేను సున్నాకు ఔటవలేదా? నా కాళ్ల సందునుంచి బంతి పోలేదా? నన్నెందుకు తిట్టవు? మేమేం పనికిమాలినవాళ్లం కామా?"

"అక్కా, నీ మనసు కష్టపడుతుందని..."

"ఇప్పుడు పడుతోంది కష్టం!"

ఆమె వెనకాల ఇంకా ఎనిమిది మంది, తాము చేసిన తప్పుల పట్టీలు రాసుకుని మరీ వచ్చారు.

ఆదివారం ఆట చూసినవాళ్లు ఇప్పటికీ చెప్పుకుంటారు. బంతి మెల్లగా దొర్లుకుంటూ వస్తే దారిచ్చారు. పైకి లేస్తే చేతులు వెనక్కి పెట్టుకున్నారు. తోంగ్‌బాయ్ ఆరు క్యాచ్‌లు వదిలి, వదిలిన ప్రతిసారీ వెనక్కి తిరిగి, వీపు మీది నంబరు కెప్టెన్‌కు సరిగ్గా కనిపించేలా నిలబడింది. ఉబోన్ అక్కకు మాత్రం ఏ తొందరా లేదు, ఆమెకు రావలసిన పేరు వచ్చేసింది. నిశ్చింతగా నిలబడిన ఆ మనిషి చేతుల్లో బంతులు వాటంతటవే వచ్చి కూర్చున్నాయి, ఒకటి కాదు, మూడు. అయినా జట్టు చిత్తుగా ఓడింది. జిల్లా పోటీలకు సెలవు. గెలిచినవాళ్లు దణ్ణం పెట్టి, ఏం జరిగిందో అర్థంకాక ఒకరి మొహాలొకరు చూసుకుంటూ వెళ్లిపోయారు.

ఒకటో తేదీ పొద్దున ఆరింటికి ఊరంతా గొట్టాల కింద నోటు పుస్తకాలు పట్టుకుని నిలబడింది. సోమ్‌జీన్ రాత్రంతా ఆలోచించింది. కావాలని ఓడించినవాళ్లను తిడితే అది బహుమతి ఇచ్చినట్టవుతుంది. కెప్టెన్‌గా న్యాయం ఒక్కటే. ఈసారి గొంతు వణకలేదు.

"ఈసారి ఎవరినీ అనను. ఇరవై ఏడో నంబరు మూడు క్యాచ్‌లు పట్టింది. ఉబోన్ అక్కా, నిన్ను చూస్తే గర్వంగా ఉంది."

ఊరు ఊరంతా మళ్లీ ఇరవై ఏడు కొన్నది. సాయంత్రం వచ్చింది నలభై ఒకటి.

ఆ రాత్రి సోమ్‌జీన్ పలకరిస్తే బున్మా పిన్ని మొహం తిప్పుకుంది. ఖామ్‌పన్ మైకు గదికి తాళం వేశాడు. తోంగ్‌బాయ్ ఆమె గుమ్మం ముందు నిలబడి, తిట్టించుకోవడానికి తను పడిన శ్రమనంతా పేరుపేరునా ఏకరువు పెట్టింది. ఉబోన్ అక్క అయితే బట్టలు సర్దుకుని చెల్లెలి ఊరికి బయలుదేరింది.

"మూడు వదిలినదాన్నని పదిహేను రోజులు తలెత్తుకు తిరిగాను" అంది బండి ఎక్కుతూ. "మైకులో పొగిడి నా పరువు తీశావు."

"నిజమే కదా అక్కా చెప్పాను!"

"నిజం చెప్పడానికి ఇల్లు లేదా, వాకిలి లేదా? మంచి మాట చాటుగా చెప్పకూడదా?"

కెప్టెన్ నలుగురిలో తిట్టవచ్చా, తిట్టకూడదా అన్న సంగతి సోమ్‌జీన్‌కు ఈనాటికీ తేలలేదు. తేల్చుకునే తీరిక కూడా లేదు, వారమైనా ఉబోన్ అక్క తిరిగి రాలేదు. మీలో ఎవరైనా మధ్యాహ్నం పన్నెండింటికి ఆ పిల్లల బడి మీదుగా వెళ్తే, కిటికీలోంచి ఒక్కసారి తొంగిచూసి నమ్‌తాన్ అన్నం తిన్నదో లేదో వచ్చి ఆమె చెవిలో చెప్పండి; ఎన్ని ముద్దలు తిన్నదో మాత్రం పైకి అనకండి.