ఖాళీ పిస్తోలు

ఆ ఆదివారం పొద్దున కమాండర్ గారి కార్యక్రమం చాలా సులువైనది. తొమ్మిదింటికి పిస్తోలు తుడుచుకోవాలి, పదింటికి స్నానం చేయాలి, పదకొండింటికి తుపాకీ క్లబ్బులో "ఆయుధం - అప్రమత్తత" అనే విషయం మీద నలభై నిమిషాలు మాట్లాడాలి. కమాండర్ అన్నది వీధివాళ్లు పెట్టిన పేరు. ఆయన ఏ సైన్యంలోనూ పనిచేయలేదు. ఇరవై ఎనిమిదేళ్లు ఒక బీమా కార్యాలయంలో ఫైళ్లు కదలకుండా కాపలా కాసి, రిటైరయ్యాక ఒక పిస్తోలు, దానికో లైసెన్సు, ఒక జత నల్ల కళ్లద్దాలు, ఎక్కడి నుంచో ఒక బొంగురు గొంతు సంపాదించారు. ఆ పేరు వెటకారానికి పెట్టారన్న సంగతి ఆయనకు ఇప్పటికీ తెలియదు.

ఆయన భార్య ఆపరేషన్ థియేటర్లో నర్సు. పొట్ట కుట్టేసే ముందు లోపలికి వెళ్లిన గుడ్డలూ కత్తెరలూ సూదులూ అన్నీ బయటికి వచ్చాయా లేదా అని పైకి లెక్కపెట్టడం ఆమె పని. పెద్ద డాక్టరు ఎంత విసుక్కున్నా సరే, లెక్క కుదిరితే తప్ప చేతికి దారం అందించదు. ఆ అలవాటు వల్ల ఇంట్లో ఆమెకు "అనుమానప్పక్షి" అనే బిరుదు దక్కింది. ఇచ్చింది కమాండరే.

భోజనాల బల్ల మీద పాత పేపరు పరిచి, నూనె సీసా, సన్న బ్రష్షు, గుడ్డపీలికలు పెట్టుకుని ఆయన పెళ్లిచూపులకు కూర్చున్నట్టు కూర్చున్నారు. ఆమె తెరిచి ఉన్న వంటింటి కిటికీ ముందు నిలబడి కప్పులు కడుగుతోంది. వెనక నుంచి టకటకమని ఒక చప్పుడు వినిపించింది. పిస్తోలు మీది స్లయిడ్‌ను వెనక్కి లాగి వదిలిన చప్పుడు. తర్వాత తూటాలుండే మ్యాగజైన్ ఊడి బల్ల మీద పడిన చప్పుడు. ఆ తర్వాత తూటాలను ఒక్కొక్కటీ బయటికి నెట్టి, కవాతుకు నిలబెట్టినట్టు వరసగా పేర్చుకుంటూ ఆయన ఈల వేశారు.

"ఏమోయ్, చూడు. మొత్తం ఖాళీ చేసేశా. దీన్నంటారు అప్రమత్తత!"

ఆమె కుళాయి కట్టేసి, చేతులు తుడుచుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. చూపు అలవాటుగా తూటాల మీదికే వెళ్లింది.

"ఆరే ఉన్నాయేం? ఏడు పడతాయని మొన్న మా తమ్ముడితో గొప్పగా చెప్పారుగా?"

"ఇదేమైనా నీ ఆస్పత్రా? ఖాళీ అంటే ఖాళీయే. కావాలంటే ఇదిగో..." అంటూ కమాండర్ గారు ట్రిగ్గర్ నొక్కారు.

ఏడోది ఎక్కడుందో ఇంటికంతా తెలిసింది. చెవుల్లో గంటలు మోగాయి. నూనె సీసా పడిపోయింది. ఆమె కడిగి పెట్టిన కప్పుల్లో ఒకటి దానంతటదే రెండు ముక్కలైంది. కాసేపటికి గంటలు తగ్గాక, కిటికీ అవతల ఎక్కడో నీళ్లు కారుతున్న శబ్దం వినిపించింది.

ఆమె కిటికీ వైపు చూసింది. ఒక్క నిమిషం క్రితం తను నిలబడిన చోటు. తన పక్కగా దూసుకెళ్లిన గుండు దారి సరిగ్గా తన మెడ ఎత్తులో ఉంది. గుమ్మం పట్టుకుంది.

కమాండర్ గారు కుర్చీలోంచి లేచి, తెల్లబోయిన మొహంతో ఆమె దగ్గరికి వచ్చి, చెవిలో అన్నారు: "ఎవరికీ చెప్పకు. లైసెన్సు పోతుంది."

ఇంతలో పక్కింటి గోడ మీద నుంచి హెడ్మిస్ట్రెస్ గారి తల కనిపించింది. రిటైరై పదేళ్లయినా ఆవిడ వీధిని ఇంకా ఆరో తరగతి లాగానే చూస్తుంది. "ఏమిటండీ ఆ చప్పుడు?"

"కుక్కర్ పేలిందండీ!" అన్నారు కమాండర్ ఏమాత్రం తడుముకోకుండా. "మా ఆవిడ మూత సరిగ్గా పెట్టలేదు!"

ఆయన జీవితంలో ఏ ఫైలూ అంత వేగంగా కదలలేదు. ఇరవై నాలుగేళ్లుగా ఒక్క విజిలు కూడా లెక్క తప్పని ఆమె ఆయన వైపు తిరిగి చూసింది. హెడ్మిస్ట్రెస్ గారు గేటు తీసుకుని వచ్చేలోపు, గట్టు మీద బోర్లించి ఉన్న కుక్కరును ఆయన ఎత్తుకెళ్లి బీరువాలో తన చొక్కాల కింద దాచేశారు.

"చదువుకున్నదానివి, నర్సువి, మూత బిగించడం రాకపోతే ఎలాగమ్మాయ్?" హెడ్మిస్ట్రెస్ గారు మొదలుపెట్టారు. "రబ్బరు చూసుకోవద్దూ? ఆవిరి పోయే కన్నం ఊది చూసుకోవద్దూ? సరే, పేలిన కుక్కరేదీ?"

"పారేశానండీ," అన్నారు కమాండర్.

"అంత వేడిదాన్నా? ఒట్టి చేతుల్తోనా?"

"ఏం చేస్తామండీ, ఇంట్లో మగవాడన్నాక తప్పదు."

"ఎంత ధైర్యమండీ! అయినా ఏమిటీ వాసన, టపాకాయ కాల్చినట్టు?"

"రబ్బరు వాసనండీ."

అరగంట సేపు ఆ నర్సు తన వంటింట్లోనే నిలబడి కుక్కరు వాడకం నేర్చుకుంది. భర్త పక్కన చేతులు కట్టుకుని, ఆవిడ చెప్పే ప్రతి మాటకూ తల ఊపారు. పాఠం ఇంకా సాగేదే కానీ, హెడ్మిస్ట్రెస్ గారి పెరట్లోంచి నీళ్లు గోడ కింద నుంచి వీళ్ల గుమ్మం బయటి చెప్పుల దాకా వచ్చాయి. ఆవిడ స్నానాలగది పైన నిన్ననే బిగించిన కొత్త నీళ్లట్యాంకు ధారగా కారుతోంది.

కబురందుకున్న ప్లంబరు పది నిమిషాల్లో వచ్చాడు. నడివయసు మనిషి, మితభాషి. వచ్చీ రాగానే చీవాట్లు మొదలయ్యాయి. "నిన్న బిగించింది ఇవాళ కారుతుందా? నీకు పని నేర్పిందెవరయ్యా?"

అతను నిచ్చెనెక్కి చూసి కిందికి వంగాడు. "మేడం, ఇది నేను పెట్టిన కన్నం కాదండీ. నేను గొట్టం పెట్టింది అడుగున. ఇది నడిమధ్యలో ఉంది."

గోడకివతల నుంచి కమాండర్ గారు ఊరుకోవచ్చు. ఊరుకోలేదు. "పని చేతకానివాళ్లంతా చెప్పే మాటే ఇది. నాసిరకం సరుకు తెచ్చుంటాడు, చూడండి!"

నర్సు ఆయన మోచెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. "నా మీద తోశారు, సరే పోనీ అనుకున్నా. అతనేం చేశాడండీ? వెళ్లి చెప్పేయండి."

"సాయంత్రం చెబుతాలే. ముందు ప్రసంగం అయిపోనీ."

"ఇప్పుడు చెప్పండి."

"పరువు విషయమే! నీకు అర్థం కాదు."

ఈలోగా ప్లంబరు ట్యాంకు ఖాళీ చేసి, మూత తీసి, భుజం దాకా చెయ్యి పెట్టి అడుగంతా తడిమాడు. వేళ్ల మధ్య ఏదో పట్టుకుని బయటికి తీశాడు. "మేడం, ఇదేదో రాగిముద్దలా ఉంది. నా సామాన్లలోది కాదు."

హెడ్మిస్ట్రెస్ గారు దాన్ని గోడ మీద నుంచి కమాండర్ చేతిలో పెట్టారు. "మీరు అన్నీ తెలిసినవారు. ఏమిటండీ ఇది?"

కాస్త ఇంగితం ఉన్నవాడైతే గోళీ అనేవాడు, బొత్తాం అనేవాడు, చివరికి తెలియదనేవాడు. కమాండర్ గారికి మూడోది అసలు చేతకాదు. నల్ల కళ్లద్దాలు పైకి నెట్టి, దాన్ని వెలుతురుకు పట్టి, బొంగురు గొంతుతో అన్నారు: "పిస్తోలు గుండు. సందేహం లేదు."

నోరు జారిందని తెలిసేసరికి ఆలస్యమైంది. ప్లంబరు చూస్తున్నాడు. హెడ్మిస్ట్రెస్ గారు చూస్తున్నారు. కమాండర్ గారు ముందుకే దూకారు. "ఎవరో దూరం నుంచి కాల్చారు. గురి నా మీదే. ఇవాళ నా ప్రసంగం ఆపాలని!"

"మరి చప్పుడు వినపడలేదే?"

"మా కుక్కరు పేలింది కదండీ. ఆ చప్పుట్లో ఈ చప్పుడు కలిసిపోయింది."

హెడ్మిస్ట్రెస్ గారు పోలీసులకు ఫోను చేశారు. కమాండర్ గారు ఆపాలని చూశారు గానీ, ఆరో తరగతి టీచరును ఎవరూ ఆపలేరు. పైగా ఆయనకు అప్పటికే తన మీద జరిగిన దాడి మీద కొంత నమ్మకం కుదిరింది. క్లబ్బు అధ్యక్షుడికి తనే ఫోను చేసి, ప్రాణాలకు తెగించైనా సభకు వస్తానని చెప్పారు.

పావుగంటలో రెండు కార్లు వచ్చి ఆగాయి. అధ్యక్షుడితో కలిపి ఐదుగురు దిగారు, ఒక్కొక్కరి నడుముకూ ఒక్కో పిస్తోలు. అధ్యక్షుడు టైల్సు వ్యాపారి. చొక్కా బొత్తాలు పొట్టతో పోరాడుతుండగా, ఇంటి చుట్టూ కాపలా వేయించాడు. ఒకాయన పూలకుండీ వెనక దాక్కున్నాడు, కుండీ మోకాలెత్తు కూడా లేదు. ఇంకొకాయన వంటింటి గుమ్మంలో నిలబడి, "చెల్లెమ్మా, కాఫీలో పంచదార తక్కువ," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్ వచ్చాడు. సెలవురోజు కూడా నిద్ర దక్కని మొహం. ట్యాంకు కన్నం చూశాడు, అక్కడ నిలబడి ఎదురుగా ఉన్న వంటింటి కిటికీని చూశాడు. నేరుగా వచ్చి భోజనాల బల్ల దగ్గర నిలబడ్డాడు. "ముందు మీరైదుగురూ తుపాకులు ఖాళీ చేసి ఇక్కడ పెట్టండి. తర్వాత మాట్లాడదాం."

"మాకు మీరు చెప్పాలా ఇన్‌స్పెక్టర్ గారూ!" అధ్యక్షుడు నవ్వాడు. "కళ్లు మూసుకుని చేస్తాం ఈ పని." పిస్తోలు తీసి స్లయిడ్ టకటకమని లాగి వదిలాడు. తర్వాత మ్యాగజైన్ ఊడదీసి అందరికీ చూపించాడు. "ఖాళీ! ఇదిగో..." గుమ్మంలో ప్లంబరు నిలబడి ఉన్నాడు. పిస్తోలు మూతి అటే ఉంది.

"ఆగండి! వేలు తీయండి!"

అది థియేటర్లో పెద్ద డాక్టర్లను కూడా ఆపే గొంతు. అధ్యక్షుడి వేలు దానంతటదే పక్కకు వచ్చింది.

"ముందు టకటక, తర్వాత మ్యాగజైన్! ఆ టకటకకే ఒక తూటా లోపలికి ఎక్కేస్తుంది. పొద్దున నేను విన్నదీ ఇదే వరస. మా ఆయన కూడా ఖాళీ అనే చెప్పి నొక్కారు!"

కమాండర్ గారు ఫ్యాను రెక్కలు లెక్కపెడుతున్నారు. మూడే ఉన్నాయి.

"ఏమన్నారమ్మా?" ఇన్‌స్పెక్టర్ మెల్లగా అడిగాడు.

ఆమె ప్లంబరు మొహం చూసింది. పొద్దుటి నుంచి తిట్లు తిన్న మొహం. బీరువా దగ్గరికెళ్లి, చొక్కాల కింద నుంచి నిగనిగలాడే కుక్కరు తెచ్చి బల్ల మీద పెట్టింది. "ఇదిగోండి పేలింది. ఆ ట్యాంకులో ఉన్నది మా ఇంటి ఏడో తూటా. ఇతని తప్పేం లేదు."

తర్వాత ఆమె ఎవరి అనుమతీ అడగలేదు. పిస్తోలుతో పాటు వచ్చిన చిన్న పుస్తకాన్ని ఆ ఇంట్లో చదివింది ఆమె ఒక్కతే. అధ్యక్షుడి పిస్తోలు మూతిని నేల వైపు తిప్పించి, ఐదుగురినీ ఒక్కొక్కరిగా పెరట్లో మరమ్మతు కోసం పోయించిన ఇసుకకుప్ప దగ్గరికి నడిపించింది. "మూతి ఇసుకలోకి. వేలు బయట. ముందు మ్యాగజైన్ తీయండి. తీశారా? ఇప్పుడు స్లయిడ్ లాగి పట్టుకోండి, వదలకండి. లోపలికి చూడండి. చూశానంటే కాదు, చిటికెనవేలు పెట్టి తడమండి."

అధ్యక్షుడు స్లయిడ్ లాగగానే ఒక తూటా టప్పున ఎగిరి ఇన్‌స్పెక్టర్ బూటు దగ్గర పడింది. పూలకుండీ వెనక దాక్కున్నాయన పిస్తోలులో ఇంకొకటి దొరికింది. ఖాళీదేననుకుని ఆయన దాన్ని ఆరు నెలలుగా దిండు కింద పెట్టుకుని పడుకుంటున్నాడట. ఆ మాట చెబుతూనే ఇసుక మీద కూలబడ్డాడు.

కమాండర్ గారి పిస్తోలు సంచీలోకి వెళ్లింది, లైసెన్సు ఇన్‌స్పెక్టర్ జేబులోకి వెళ్లింది. హెడ్మిస్ట్రెస్ గారు ప్లంబరును కుర్చీ వేసి కూర్చోబెట్టారు. కొత్త ట్యాంకు ఎక్కించేటప్పుడు నిచ్చెన పట్టుకోవలసిన పని కమాండర్ గారికి అప్పగించారు. రెండు చేతులతో, అని గట్టిగా చెప్పారు.

"చెల్లెమ్మా," అన్నాడు అధ్యక్షుడు, మొహం ఇంకా పాలిపోయే ఉంది. "హాలు నిండా జనం వచ్చి కూర్చున్నారు. వక్త లేడు..."

ఆమె చీర కొంగుకు అంటిన ఇసుక దులుపుకుంది. బయల్దేరే ముందు నిచ్చెన దగ్గర ఆగింది. "పొద్దుటి నుంచి ఒక్క మాట అడుగుతారేమోనని చూశా. నాకేమైనా తగిలిందా అని."

కమాండర్ గారు ఆశ్చర్యపోయారు. "తగల్లేదు కదే! ఎదురుగానే ఉన్నావుగా!"

ఆమె "మీరూ రండి, పనుంది," అని కారెక్కింది. క్లబ్బులో ఆమె మాట్లాడింది ఆరు నిమిషాలే. అందులో నాలుగు నిమిషాలు భర్తను వేదిక మీద నిలబెట్టి, చేతికో ప్లాస్టిక్ బొమ్మపిస్తోలు ఇచ్చి, పొద్దున ఏం చేశారో అదే వరసలో చేయించింది.

ఆ రోజు క్లబ్బు రిజిస్టరులో ఇలా రాశారు: "వక్త: నర్సు గారు. ప్రదర్శించిన వస్తువులు: బొమ్మపిస్తోలు ఒకటి, భర్త ఒకరు."