మునిగిన వంతెన దగ్గర మేత

ఆ శనివారం పొద్దున గుమాస్తా వేసుకున్న పథకం చాలా చిన్నది. తెల్లారుతుండగానే రిజర్వాయరుకు వెళ్ళి చివరి విడత మేత వేసి రావడం, వేళకు ఆఫీసుకు చేరి బుద్ధిగా కూర్చోవడం. ఆదివారం మామగారు వస్తారు. ఆయన్ని అవతలి గట్టుకు తీసుకెళ్ళి, నీళ్ళలో మునిగిపోయిన పాత వంతెన దగ్గర కూర్చోబెట్టి, ఆయన కళ్ళెదుటే మోయలేనంత చేపను బయటికి లాగాలి. అంతే.

అంతే అనుకోవడానికి అది మామూలు చేప కాదు మరి. పెళ్ళయిన దగ్గర్నుంచీ మామగారు వచ్చినప్పుడల్లా భోజనాల దగ్గర ఒకటే పాట: "మా అల్లుడి గాలానికి చెప్పు తప్ప ఇంకేం పడదర్రా!" చెప్పు పడింది ఒకే ఒక్కసారి. అయినా బంధువులంతా ప్రతిసారీ కొత్తగా విన్నట్టు విరగబడి నవ్వుతారు. భార్య కూడా మొహం పక్కకు తిప్పుకుని నవ్వుతుంది. ఆ నవ్వు తలుచుకుంటే అతనికి ఒళ్ళు మండిపోతుంది. అందుకే ఈసారి వారం ముందు నుంచే తవుడు, రొట్టె, వెల్లుల్లి కలిపి పిసికిన ఉండల్ని రోజూ ఒకే చోట విసురుతున్నాడు. రోజూ తిండి దొరికే చోటు వదిలి చేపలు మాత్రం ఎక్కడికి పోతాయి? ఆ చోటు సంగతి భార్యకు కూడా చెప్పలేదు. నలుగురికీ తెలిసిందంటే మర్నాటికి అక్కడ సంత వెలుస్తుంది.

చిక్కల్లా ఏమిటంటే, అతను పనిచేసేది ఊరికి నీళ్ళిచ్చే ఆఫీసులోనే, ఫిర్యాదుల ఫోను దగ్గర. రిజర్వాయరులో గాలం వేసుకోవచ్చు గాని మేత వేయకూడదన్నది ఆ ఆఫీసు పెట్టిన నియమమే.

కుర్చీలో కూర్చున్నాడో లేదో ఫోను మోగింది.

"నీళ్ళాఫీసేనా? ఎవడో తెల్లారకుండానే రిజర్వాయర్లో తెల్లటి ఉండలు విసురుతున్నాడండీ! మెడకు మఫ్లరు కూడా ఉంది."

గుమాస్తా మెడ తడుముకున్నాడు. మెడలోని మఫ్లరు గబగబా తీసి సొరుగులో కుక్కాడు.

"పక్షులకు గింజలు వేస్తున్నాడేమోనండీ."

"పిడికిలంత ఉండలు మింగే పక్షులు ఎక్కడున్నాయండీ?"

"సరే, చూస్తాం లెండి" అని టక్కున పెట్టేశాడు. తల తిప్పితే వెనకాలే ఇంజనీరు. కుళాయి కాస్త దగ్గినా కుట్ర అనుకునే మనిషి.

"ఉండలేంటయ్యా? ఎక్కడ?"

మునిగిన వంతెన అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. దాన్ని మింగేసి, అక్కడికి వీలైనంత దూరంలో ఉన్న చోటు పేరు చెప్పేశాడు.

"పంపుహౌస్ దగ్గరట సార్."

ఊరి నీళ్ళన్నీ అక్కణ్ణుంచే తోడతారన్న సంగతి ఆఫీసులో గది ఊడ్చే మనిషికి కూడా తెలుసు. ఆ క్షణంలో గుమాస్తాకు ఒక్కడికే గుర్తు రాలేదు.

"ఇంకేముంది, విషం!" అని అరిచాడు ఇంజనీరు. "పంపులన్నీ ఆపేయండి! అటు ఒక్క మనిషి వెళ్ళడానికి వీల్లేదు! ఆ ఉండలు వేసినవాడు దొరికేదాకా చుక్క నీరు వదిలేది లేదు!"

కాసేపటికి ఫోనుకు ఊపిరి తీసుకునే తీరిక లేకుండా పోయింది. మంగలి అరిచాడు, హోటలు వంటాయన తిట్టాడు. గుమాస్తా కాలుకాలిన పిల్లిలా ఫోనుకీ కిటికీకీ మధ్య తిరుగుతుండగా అది మళ్ళీ మోగింది. ఈసారి భార్య.

"ఏవండీ, తలనిండా నురగతో నిలబడ్డాను! కళ్ళు మండి చస్తున్నాను! మీ ఆఫీసు వాళ్ళకి బుద్ధుందా?"

"వచ్చేస్తాయే, ఇదిగో..."

"పైగా నాన్న ఇవాళే దిగాడు. కాళ్ళు కడుక్కోవడానికి నీళ్ళు లేవనేసరికి, మీ గాలం, ఆ కంపు బకెట్టు పట్టుకుని రిజర్వాయరుకి పోయాడు."

ఆదివారానికని దాచిన ఉండల బకెట్టు! గుమాస్తా ఫోను పడేశాడు. పంపుహౌస్ దగ్గర ఆ బకెట్టుతో మామగారు దొరికితే విషం వేసినవాడి కిందే లెక్క అనుకుని ఇంజనీరు గదిలోకి పరుగెత్తాడు.

"సార్, ఇందాక ఉండల సంగతి చెప్పినాయన మళ్ళీ ఫోన్ చేశాడు. పంపుహౌస్ కాదట, అవతలి గట్టునట. ఎక్కడో సరిగ్గా చూడలేదట."

"అయితే జీపెక్కు. గట్టంతా గాలిద్దాం."

దారి పొడుగునా గుమాస్తా సీటు అంచున కూర్చుని అడ్డం పడుతూనే ఉన్నాడు. "అటు ముళ్ళు సార్", "అటు బురద సార్", "అటు పాములంటారు సార్." ఇంజనీరు ముక్కు ఎగబీల్చాడు. "వెల్లుల్లి వాసన కదూ? ఆపు, ఆపు!"

సరిగ్గా మునిగిన వంతెన దగ్గర, ప్యాంటు మోకాళ్ళదాకా మడిచి, మామగారు నిలబడి ఉన్నారు. ఒక చేత్తో ఉండ విసురుతున్నారు. రెండో చేతిలో చేప. పసిపిల్లాడంత చేప. గుమాస్తాకు ఏడుపొచ్చినంత పనైంది.

"రా అల్లుడూ! పంపుహౌస్ దగ్గర కూర్చుందామంటే కాపలావాడు తరిమేశాడు. పోరా పో అని ఇటొచ్చాను. చూడు, వేసీ వేయగానే పడింది!"

ఇంజనీరు బకెట్టులోంచి ఒక ఉండ తీసి వాసన చూశాడు. "విషం కాదు, మేత!" అని ఊపిరి పీల్చుకుని, పంపులు వేయమని ఫోనులో చెప్పి, అప్పుడు కళ్ళెర్రజేశాడు.

"ఈ మేత ఎవరిది?"

గుమాస్తా నోరు తెరిచాడు. "సార్, అది..."

"నువ్వుండు అల్లుడూ, మేతల గురించి నీకేం తెలుసు?" మామగారు ఛాతీ విరుచుకున్నారు. "నాదే! నా చేతి తయారీ. వెల్లుల్లి పాళ్ళు ఇంకెవడికీ కుదరవు."

"రోజూ వేస్తున్నది మీరేనన్నమాట!"

"రోజూ ఏంటండీ, జీవితమంతా వేస్తూనే ఉన్నాను!"

"మామయ్యగారూ, కాస్త నా మాట..."

"అసూయపడకూడదు అల్లుడూ."

నిజం చెబితే ఉద్యోగం పోతుంది, చెప్పకపోతే చేప పోతుంది. గుమాస్తా సిగ్గుపడుతూనే ఉద్యోగం వైపు నిలబడ్డాడు. ఇంజనీరు మామగారి చేత ఇంకెప్పుడూ మేత వేయనని నలుగురిలో ఒట్టు పెట్టించి, చేపను సాక్ష్యం కింద తన ఇంటికి పంపించాడు. మామగారు ఏమీ చిన్నబుచ్చుకోలేదు. "అంత ఆఫీసరు నా మేతను వాసన చూసి మరీ గుర్తుపట్టాడు!" అని దారంతా మురిసిపోయారు.

పరువు పోతే పోయింది, చోటు మిగిలిందనుకుని గుమాస్తా మనసు కుదుటపరుచుకుంటుండగా ఇంజనీరు మళ్ళీ పిలిచాడు. ఒక బోర్డు చేతికిచ్చి, సాయంత్రంలోగా సరిగ్గా ఆ చోటే పాతి రమ్మన్నాడు. దాని మీద దూరానికి కూడా కనపడేలా ఎర్రటి అక్షరాలు: "ఇక్కడ చేపలకు మేత వేయరాదు."

ఆదివారం తెల్లారేసరికి ఊళ్ళో ఉన్న గాలాలన్నీ ఆ బోర్డు చుట్టూ చేరాయి. పాతినవాడికి మాత్రం కాలు పెట్టే చోటు దొరకలేదు.