ముందు కారు, వెనక సరుకు

ప్రపంచంలోని సమస్త వాహనాలూ రెండే రకాలు: మనుషుల్ని మోసేవి, సామాను మోసేవి. ఈ సత్యాన్ని కోకాపేటలోని ‘నీలాద్రి శిఖర్’ నివాసితుల సంఘం ఎప్పుడో కనిపెట్టి, గేటు యాప్‌లోకి ఎక్కించి, ఇక దాని గురించి ఆలోచించడం మానేసింది. (ఆలోచించే బాధ్యత కూడా యాప్‌కే అప్పగించారు.) మూడో రకం వాహనం ఒకటి ఉంటుందనీ, దాన్ని ఇరవై ఏడో అంతస్తు నతానియేల్ తోలుకొస్తాడనీ ఎవరూ అనుకోలేదు.

నతానియేల్ హైటెక్ సిటీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ లీడు. పన్నెండేళ్లుగా ఇతరుల పనిలో తప్పులు పట్టి జీతం తీసుకుంటున్న మనిషి. ఇడ్లీ తిన్నా మనసులో ‘పాస్’, ‘ఫెయిల్’ అని రాసుకుంటాడు. అతనికి పికప్ బండి మీద మోజేమీ లేదు పాపం. బోరబండలో ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన తండ్రి ఇస్సాకు మాస్టారికి ఆర్నెల్ల కిందట పక్షవాతం వచ్చింది. ఇంట్లో ఉండేది ఇద్దరే. మాస్టారికి వారానికి మూడు రోజులు మూసాపేటలో ఫిజియోథెరపీ. ఉన్న కారు డిక్కీలో సీఎన్‌జీ సిలిండర్ కాపురముంటోంది, మడతపడని చక్రాల కుర్చీ ఇంకెక్కడా పట్టదు. క్యాబ్ డ్రైవర్లు కుర్చీని చూడగానే ఏదో అర్జంటు పని గుర్తొచ్చినట్టు క్యాన్సిల్ కొట్టి వెళ్లిపోతారు. అలా రెండు వారాలు పోయాయి. ఇంకొక్కసారి తప్పితే ఆ టైము వేరే పేషెంటుకి ఇచ్చేస్తామనీ, కాలు బిగుసుకుపోతే తమను అడగొద్దనీ క్లినిక్ వాళ్లు చెప్పేశారు.

అందుకని ఈ బండి. ముందు ఇద్దరు కూర్చునే చల్లటి కారు, వెనక కుర్చీ పెట్టుకోవడానికి తొట్టి. వారం రోజులు వాడి చూసి చెప్పమని షోరూమ్ వాళ్లు తాళాలిచ్చారు. నతానియేల్ అరవై నాలుగు ప్రశ్నలతో ఒక టెస్ట్ షీటు తయారుచేశాడు. ఏసీ, పాస్. స్పీడ్ బ్రేకర్ మీద నడుము నొప్పి లేదు, పాస్. యూటర్న్ ఒకేసారి తిరగలేదు, వెనకున్న బస్సువాడు మాత్రం తిట్టలేదు, కాబట్టి షరతులతో పాస్. ఆఫీసు పార్కింగులో తొట్టి పసుపు గీత దాటి జానెడు బయటికొస్తే, పదకొండు మందికి కాపీ పెట్టి ఈమెయిల్ వచ్చింది. అదీ పాసే, ఎందుకంటే ఆ ఆఫీసులో ఏం చేసినా ఈమెయిల్ వస్తుంది. అరవై మూడో ప్రశ్న తండ్రి అభిప్రాయం.

"బండి మంచిగున్నదిరా. గుంతల పడ్డా నా నడుము నాకే ఉన్నది" అన్నారు ఇస్సాకు మాస్టారు.

అరవై నాలుగోది ‘రోజువారీ వాడకానికి పనికొస్తుందా?’ అన్న ప్రశ్న. దాని జవాబు కోసం సోమవారం ఉదయం తండ్రిని ముందు సీట్లో, కుర్చీని మొదటిసారి తొట్టిలో పెట్టుకుని నతానియేల్ గేటు దగ్గరికొచ్చాడు. క్లినిక్‌లో పదిన్నరకు ఉండాలి.

వాచ్‌మన్ వీరేశం యాప్ చూసి తల గోక్కున్నాడు. "సార్, ఇది సరుకు బండి అని చూపిస్తున్నది. ఎనక ఫర్నిచర్ ఉన్నది. ఇల్లు ఖాళీ చేస్తున్నరా అని అడుగుతున్నది."

"ఖాళీ ఏంటి వీరేశం, దవాఖానకు పోతున్నాం."

"ఆ ఆప్షన్ లేదు సార్."

నతానియేల్ సంఘం వారి వాహన వర్గీకరణ ఉపసంఘం అధ్యక్షురాలు పార్వతమ్మగారికి ఫోన్ చేశాడు. (ఉపసంఘంలో ఆవిడొక్కరే సభ్యురాలు. కోరం ఎప్పుడూ తప్పలేదు.)

"మీ బాధ నాకు అర్థమైందండి నతానియేల్ గారూ. కానీ మీ ఒక్కరి కోసం రూలు మారిస్తే, రేపు అందరూ నాన్నగార్లను తీసుకొచ్చేస్తారండి. ఒక పని చేయండి. కుర్చీని లోపల సీట్లో పెట్టేయండి, తొట్టిలో ఫర్నిచర్ ఉండదు కదా."

"మరి నాన్న ఎక్కడ కూర్చుంటారండీ?"

"ఆయన ఫర్నిచర్ కాదు కదండీ. వెనక తొట్టిలో కూర్చోవచ్చు."

టైము తొమ్మిదిన్నర దాటుతోంది. వెనక కార్ల హారన్లు. ఇస్సాకు మాస్టారు కదలని తన ఎడమకాలి వంక చూసుకుంటున్నారు, కొడుకు వంక చూడటం లేదు. నతానియేల్ యాప్‌లో ‘అవును, ఖాళీ చేస్తున్నాం’ నొక్కాడు. ‘మీ కొత్త ఇంట సకల శుభాలు కలుగుగాక’ అంది యాప్. గేటు లేచింది.

క్లినిక్‌లో ఆ రోజు ఇస్సాకు మాస్టారు కడ్డీలు పట్టుకుని నాలుగడుగులు వేశారు. లెక్కల మాస్టారు కాబట్టి తనే పైకి లెక్కపెట్టుకున్నారు. నాలుగు దగ్గర ఆగి, మళ్లీ ఒకటి నుంచి సరిచూసుకున్నారు. నతానియేల్ బయటికొచ్చి కళ్లు తుడుచుకుని, ఈ బండిని కొని తీరాల్సిందేనని అనుకున్నాడు.

మధ్యాహ్నం తిరిగొచ్చేసరికి వాళ్ల ఫ్లాటు ఖాళీగా ఉంది. సామానంతా ఎక్కడిదక్కడే ఉంది, యాప్‌లో మాత్రం ఖాళీ. మళ్లీ చేరాలంటే కొత్త దరఖాస్తు, రెండు ఫొటోలు, సత్ప్రవర్తనపై విచారణ, ఏడు పనిదినాలు. అతిథులుగా వెళ్లాలంటే ఇంట్లో ఉన్నవాళ్లు అనుమతించాలి, ఇంట్లో ఉండాల్సినవాళ్లు గేటు బయట ఉన్నారు.

"ఫికర్ జేయకున్రి సార్. డెలివరీకైతే ఎవ్వల పర్మిషన్ అక్కర్లేదు" అన్నాడు వీరేశం. వాడు మంచివాడు. నతానియేల్‌ను డెలివరీ మనిషిగా రాసుకున్నాడు. ‘వస్తువు’ అన్నచోట కాసేపు ఆగి, ‘పెద్దసారు, 1’ అని కొట్టాడు. ‘పగిలే స్వభావం’ అన్నచోట టిక్కు పెట్టాడు. ఇస్సాకు మాస్టారు వెనక గేటు నుంచి, సిమెంటు బస్తాల పక్కన, సర్వీసు లిఫ్టులో ఇల్లు చేరారు.

బుధవారం మళ్లీ క్లినిక్ ఉంది. లోపలికి డెలివరీ అయిన వస్తువు బయటికెలా వెళ్తుందని నతానియేల్ రాత్రంతా బెంగపడ్డాడు. పొద్దున వీరేశం నవ్వుతూ ఎదురొచ్చాడు.

"దొరికింది సార్. వాపసు ఆప్షన్ ఉన్నది. కారణం ఒక్కటి కొడితే చాలు."

కారణాలు మూడే ఉన్నాయి: ‘సైజు సరిపోలేదు’, ‘పాడైపోయింది’, ‘ఇక అవసరం లేదు’. నతానియేల్ వేలు తెర మీద ఆగిపోయింది. ముందు సీట్లోంచి ఇస్సాకు మాస్టారు కళ్లజోడు సర్దుకుని మూడూ చదివారు.

"అవసరం లేదని కొట్టకు బిడ్డా" అన్నారు. "పాడైందని కొట్టు. అది జర నిజమే గద."

నతానియేల్ కొట్టాడు. గేటు వెంటనే లేచింది. పాడైన వస్తువులను బయటికి పంపించడంలో నీలాద్రి శిఖర్ ఎన్నడూ ఆలస్యం చేయలేదు.