నల్లఫిల్టరు విమోచనం

…అయినా చేత్తో బిగించింది చేత్తో ఊడి రాకపోవడమేమిటి, నిన్న సాయంత్రం బిగించినవాడు తనే కదా, అంత బలం తనకెక్కడిది, ఉన్నదే అయితే ఇవాళ పొద్దున అదంతా ఎటు పోయింది అని కళ్ళద్దాల కొట్టాయన తన బొటనవేలినీ చూపుడువేలినీ, సాక్షుల్ని నిలదీసే వకీలులా మార్చి మార్చి చూసుకుంటున్నాడు.

అది ఏ వేళ అంటారా! తూర్పుకొండల శిఖరకిరీటాలకు ఇంకా బంగారుపూత పడక, పడబోతున్నదన్న సిగ్గుతోనే అవి గులాబిరంగు తిరిగి, అడుగున లోయ నిండా నీహారసముద్రం చప్పుడు చెయ్యకుండా పొంగి, పక్షులు గొంతు సవరించుకుంటున్న పుణ్యవేళ. ఏ స్థలం అంటారా! కొండదారి మలుపులో, ఇనుపకమ్మీల అంచున, 'వాహనములు ఇచట నిలుపరాదు' అన్న బోర్డుకు సరిగ్గా కింద, వాళ్ళ కారు నిలిపిన స్థలం.

వీరుడెవరు? వారమంతా కొట్లో కూచుని పరుల కళ్ళలోకి చూస్తూ "ఇది బాగా కనబడుతోందా, అది బాగా కనబడుతోందా" అని అడిగి అడిగి, సెలవు చిక్కితే తన కళ్ళతో తను చూసుకోవడానికి కొండలెక్కే ఉషఃకాలజాగరణదీక్షితుడు. త్రిపాదప్రతిష్ఠాపనాచార్యుడు. ముందొక రాయి, నడుమ ఒక నీటిచాలు, వెనకొక కొండ కుదిరితే తప్ప మీట నొక్కనని కంకణం కట్టుకున్న దృశ్యధురంధరుడు.

శత్రువెవరు? లెన్సు మూతికి మరమేకులాగా తిప్పి బిగించే గుండ్రటి నల్లద్దం. పేరు నల్లఫిల్టరు. వెలుగును గుటకలు గుటకలుగా మింగి, రెప్పపాటులో పడవలసిన బొమ్మను రెండు నిమిషాలు సాగదీయడం దాని విద్య. ఆ రెండు నిమిషాల్లో కదలనిది నిలుస్తుంది, కదిలినది కరుగుతుంది. జలపాతం పాలనురుగవుతుంది. మబ్బు దూదవుతుంది. మనిషి మాయమవుతాడు.

మాయమవడం దగ్గరే వచ్చింది ఈ యుద్ధమంతా.

నిన్న సాయంత్రం జలపాతం దగ్గర ఆయన భార్య నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమండీ, పెళ్ళయినప్పట్నించీ మీ వెంట కొండలెక్కుతున్నాను. 'కాస్త పక్కకి జరుగు' అనడమే గానీ ఒక్క ఫోటోలో పెట్టిన పాపాన పోలేదు. ఇవాళ నన్ను పెట్టండి" అంది. ఆయన ఒప్పుకున్నాడు. రాతి మీద కూచోబెట్టి, నల్లఫిల్టరు బిగించి, "కదలకు" అన్నాడు. కాసేపు దేవతావిగ్రహంలానే కూచుంది. తర్వాత చీమ కుట్టింది. చెప్పులు అక్కడే వదిలి నీళ్ళలో కాళ్ళు పెట్టుకోవడానికి పోయింది. బొమ్మ తెరమీదికి వచ్చింది. జలపాతం అద్భుతం. రాయి అద్భుతం. రాతి మీద నీలం చెప్పుల జత, పట్టీలతో సహా తెలిసేంత అద్భుతం. భార్య లేదు.

"మీ దగ్గర నా చెప్పులకున్నపాటి గౌరవం నాకు లేదు" అంది ఆమె. ఆమె తమ్ముడు, అనగా కారు నడిపే భారం, వేళాకోళం చేసే భారం రెండూ మోస్తున్న బావమరిది, కడుపు పట్టుకుని ఆ రాతి మీదే చతికిలబడ్డాడు. రాత్రి గదిలో ఆమె దుప్పటి తన వైపు లాక్కుని గోడవైపు తిరిగింది. ఆ వీపుకేసి ఆయన ప్రతిజ్ఞ చేశాడు. "రేపు వెళ్ళిపోయే ముందు, ఆ మంచులోయ ముందు నిలబెట్టి నీ ఫోటో తీసే తీస్తాను."

ఇదిగో ఆ రేపు. మంచులోయ ఉంది. ఆమె ఉంది. నల్లఫిల్టరు మాత్రం లెన్సును ఉడుంపట్టు పట్టుకుని ఉంది. ఎండ తగిలిందా, మంచు లేచిపోతుంది.

"ఇంకో లెన్సు లేదా?" అంది ఆమె.

"ఉంది. దూరపుకొండల్ని దగ్గరికి లాగేది. దాంతో తీస్తే లోయ రాదు, నీ ముక్కు వస్తుంది."

"అక్కా, నా ఫోన్లో తీసి పారేస్తా, ఇలా తిరుగు" అన్నాడు బావమరిది.

"నువ్వు తియ్యడం వేరురా. ఆయన తియ్యడం వేరు."

ఆ మాట వినబడనట్టు నటించి, కళ్ళద్దాల కొట్టాయన సమరానికి దిగాడు.

ప్రథమాక్రమణంలో అంగుష్ఠతర్జనీద్వయం ఆ వలయదుర్గాన్ని ఇరుపక్కలా ముట్టడించి, నరాలు పొంగేదాకా తిప్పి, ఎర్రబడి వెనుదిరిగింది. ద్వితీయాక్రమణంలో చేతిరుమాలు మధ్యవర్తిగా వచ్చి, జారి, మంచులో పడి పరాజయలజ్జతో తడిసిపోయింది. తృతీయాక్రమణంలో బావమరిది టిఫిను పొట్లానికున్న రబ్బరుబ్యాండు ఊడదీసి సమర్పించగా, అది ఫట్టున తెగి, సమర్పించినవాడి చెవినే తాకింది.

"చేత్తో వేసిన ముడి పళ్ళతో విప్పాలంటారు, అదీ చూడకూడదూ?" అన్నాడు బావమరిది చెవి రుద్దుకుంటూ.

ఆయన నిజంగానే నోటిదాకా తీసుకెళ్ళి, భార్య చూపు తగిలి ఆగిపోయాడు. అప్పుడాయన, ఒక చేత కెమెరా, ఒక చేత తెగిన రబ్బరు, లోయ ప్రతిధ్వనించేలా ఇలా పలికాడు.

"ఓరీ మసివర్ణుడా! వెలుగు తిని బతికే వలయమా! వానలో నిన్ను గొడుగు కింద దాచి, నేను తడిశాను. తిండి మానిన రోజుంది గానీ నిన్ను తుడవని రోజు లేదు. ఇంత పోషించినందుకా, నా ఇల్లాలి ముందు నన్ను ఇంత చులకన చేస్తున్నావు? ఊడుదువా, ఊడవా!"

"బావా, అది వినడం లేదు. పైగా ఎండొస్తోంది."

వచ్చింది. తొలి కిరణం ఎదుటి కొండ నొసట తగిలింది. మంచు అంచులు ఉప్పు కరిగినట్టు కరగసాగాయి. ఆయన ఇంకా గట్టిగా నొక్కాడు. ఎంత గట్టిగా నొక్కితే అంతగా అది బిగుసుకుంది. అంతలో ఆయన మనసు, అలాంటప్పుడు మనసులు చేసే పనే చేసింది: యుద్ధం వదిలి ఇంటికి పోయింది. ఇంట్లో ఆయన కట్టేసిన కుళాయి ఇంకెవరికీ తిరగదు. ఆయన వేసిన గడియ పక్కింటాయన వచ్చి తియ్యాలి. కొట్లో మాత్రం ప్రతివాడికీ తనే చెబుతాడు: "ఫ్రేము అలా పక్కల నొక్కకండి సార్, వంకర పోయి అద్దం ఇంకా బిగుసుకుంటుంది." మరి ఇక్కడ తను నొక్కుతున్నదేమిటి? పలచటి ఉంగరం. పక్కల నొక్కితే కోడిగుడ్డయి మరలో కూరుకుపోతుంది. పరులకు చెప్పేటందుకే నీతులు!

ఇంకో ఆలోచన కూడా వచ్చింది, పిలవకుండానే. భార్యను ఇన్నాళ్ళూ ఫోటోల్లో పెట్టకపోవడానికి చెబుతూ వచ్చిన కారణం ఒకటి. మనిషి ఉంటే చూసేవాడి కన్ను కొండ మీదికి పోదని. అసలు కారణం అది కాదేమో. కొండను ఎలా తీసినా కొండ అడగదు. ఈవిడ మాత్రం బొమ్మను చేతిలోకి తీసుకుని, తను ఆమెను ఎలా చూస్తున్నాడో ఒక్క చూపులో చదివేస్తుంది.

"ఇలా ఇవ్వండి" అంది ఆమె.

వంగి, కుడికాలి చెప్పు తీసింది. అదే నీలం చెప్పు. నిన్నటి చిత్రంలో స్థిరకీర్తి గడించిన రబ్బరు అడుగున్న పాదరక్ష! కొంగుతో దాని అడుగు తుడిచింది.

"చెప్పా! అద్దం మీదా!" కళ్ళద్దాల వంశగౌరవం ఆయన కంఠంలో కీచుమంది.

"మీరు బిగించిన డబ్బాల మూతలన్నీ ఇంట్లో నేనెలా తీస్తున్నాననుకుంటున్నారు? చెప్పు అడుగును మూత మీద ఆనించాలి, పట్టుకోకూడదు, తిప్పాలి. అంతే."

"వంటింట్లోనా అక్కా, చెప్పుతోనా!"

"దానికని కొత్తది విడిగా ఉంచానులేరా, కంగారుపడకు."

"మొన్న నేను తిన్నది ఆ డబ్బాలోదేగా!"

కళ్ళద్దాల కొట్టాయన కెమెరాను మూడుకాళ్ళ త్రిపాది మీద బిగించి, చెప్పును రెండు చేతులా అందుకున్నాడు. ఆ రబ్బరుతలాన్ని నల్లఫిల్టరు ముఖమంతా సమంగా ఆనేలా మోపాడు. నొక్కాలని వేళ్ళు మహా ఉబలాటపడ్డాయి. వాటిని బతిమాలి ఊరుకోబెట్టాడు. అరచేతి బరువు మాత్రం ఉంచి, మెల్లగా, ఎడమవైపుకు…

కిర్రుమంది.

గజతురగపదాతులు కదలకుండా, భేరీలు మోగకుండా, కందిన రెండు వేళ్ళు తప్ప వేరే నష్టం లేకుండా, అజేయమైన కృష్ణవలయదుర్గం పావు చుట్టు తిరిగింది! తర్వాత అర చుట్టు. తర్వాత, ఇదంతా తన తప్పు కానట్టు, వదులైన ఉంగరంలా జారి ఆయన అరచేతిలో పడింది. బావమరిది ఈలవేశాడు. దూరాన ఒక పక్షి జవాబిచ్చింది.

ముగ్గురూ ఒక్కసారే లోయకేసి తిరిగారు. మంచు లేదు. గులాబిరంగు లేదు. ఎక్కడో చూసినట్టుండే పచ్చటి కొండలు, వాటి మీద తెల్లటి మామూలు ఎండ, అడుగున ఒక పాలవ్యాను.

"పోయింది కదండీ" అంది ఆమె. చెయ్యి చాచి చెప్పు పుచ్చుకుని, ఇన్నేళ్ళ అలవాటు కొద్దీ ఒంటికాలితో గెంతుతూ కెమెరాకు అడ్డం లేకుండా పక్కకి జరిగింది.

ఆయన త్రిపాది మీట వదులు చేసి కెమెరాను ఊడదీశాడు. రాయి వెతకలేదు. నీటిచాలు వెతకలేదు.

"కాస్త మధ్యకి జరుగు" అన్నాడు.

"ఇలాగా? కాలికి చెప్పు కూడా లేదు!"

"కదిలినా ఫర్వాలేదు."

ఆమె చేతిలో చెప్పుతో, ఒక కాలు నేల మీద, ఒక కాలు గాలిలో, ఏదో అనబోతూ నవ్వింది. కళ్ళద్దాల కొట్టాయన మీట నొక్కాడు.