మా అత్త రాయిగా నమోదైన వైనం

మా ఊళ్ళో మనిషి పుట్టొచ్చు, పోవచ్చు, కథల్లో చెప్పినట్టు రాయిగా కూడా మారిపోవచ్చు, ఎవరూ అడ్డుపడరు. బొమ్మగా మారాలంటే మాత్రం ముందస్తు అనుమతి ఉండాలి. ఈ సదుద్దేశంతోనే గాథాచిత్రాల సక్రమీకరణ విభాగం ఏర్పడింది. వెనకటి కథల్లోని మనుషుల్ని ఎవరికి తోచినట్టు వాళ్ళు ఫోన్లలో గీసేస్తుంటే, ఆ వెనకటి మనుషుల మనోభావాలు ఏం కావాలన్నది విభాగం వారి ఆవేదన. (ఇంతవరకు వాళ్ళలో ఒక్కరు కూడా వచ్చి ఫిర్యాదు చేయలేదు. మొహమాటం వల్లేనని విభాగం అభిప్రాయం.)

ఈ విభాగంతో నాకు పని పడటానికి కారణం మా బుడ్డదాని ఆయాసం. వారం వారం దాన్ని ఆస్పత్రిలో పిల్లల వార్డుకు తీసుకెళ్ళి, ముఖానికి మాస్కు పెట్టించి, మందు పొగ పీల్పించాలి. ఆ హాల్లో గోడ మీద ఊపిరితిత్తుల పటం ఒకటి ఉంది, ఎర్రగా, తలుపంత పెద్దది. దాన్ని చూడగానే మా పిల్ల గుమ్మం పట్టుకుని ఏడుపు లంకించుకుంటుంది. ఏడిస్తే ఆయాసం పెరుగుతుంది. ఆయాసం పెరిగితే మాస్కు పెట్టాలి. మాస్కు పెట్టాలంటే ఆ హాల్లోకి వెళ్ళాలి. (ఈ ఏర్పాటు ఎవరు చేశారో గాని, ఎక్కడా చిన్న లొసుగు కూడా లేదు.)

ఇంట్లో దాన్ని మరిపించడానికి నేను ఫోన్లో వేలితో బొమ్మలు గీస్తుంటాను. అలా ఒకరోజు వంతెనవ్వను గీశాను. మా ఊరి ఏటి ఒడ్డున, ఒత్తిగిలి పడుకున్న మనిషిలా పెద్ద బండ ఒకటుంది. ఆ బండే వంతెనవ్వ అంటారు. ఎప్పుడో ఏరు పొంగితే, తాటిచెట్లు మోకాళ్ళకొచ్చేంత అవ్వ ఒకావిడ వచ్చి, ఈ ఒడ్డున కాళ్ళు, ఆ ఒడ్డున చేతులు పెట్టి నీళ్ళకు అడ్డంగా పడుకుందట. ఊళ్ళో పిల్లలంతా ఆమె వీపు మీదుగా దాటారట. చివరి పిల్ల దాటాక, ఒళ్ళు పులిసిపోయి, ఒడ్డున వాలి రాయి అయిపోయిందట.

నా బొమ్మలో అవ్వ వీపు మీద పిల్లలతోపాటు మేకలు కూడా నడుస్తున్నాయి. ఒక మేక ఆవిడ కొప్పును గడ్డిమేటు అనుకుని రుచి చూస్తోంది. అవ్వ కళ్ళజోడు తడవకుండా ఒక చేప దాన్ని నీళ్ళపైకి ఎత్తి పట్టుకుంది. పైన చుక్కల గొడుగు. ముఖం మటుకు మా అత్తది. నా మనసులో వేరే ఉద్దేశమేమీ లేదు. మా ఇంట్లో బొమ్మ పూర్తయ్యేదాకా కదలకుండా కూర్చునే మనిషి ఆవిడ ఒక్కతే, అదీ టీవీ ముందు.

"నానమ్మ మీద మేక ఎక్కింది" అని బుడ్డది పడీ పడీ నవ్వింది. అంత నవ్వినా ఆయాసం రాలేదు. నేను చెవి దాని వీపుకు ఆనించి మరీ చూశాను.

ఆస్పత్రిలో ఆ బొమ్మ చూసిన నర్సక్క, "ఈ పటం పీకేసి ఇది పెట్టిస్తానమ్మాయ్, నాకు సగం చాకిరీ తగ్గుతుంది. కాకపోతే విభాగం నుంచి అనుమతి తెచ్చుకో. లేకుండా పెడితే గోడకు సీలు వేస్తారు. కిందటేడు మెట్లకు వేశారు, మూడు నెలలు మేడ మీది రోగుల్ని మేడ మీదే ఉంచాం" అంది.

అనుమతి యాప్‌లోనే ఇస్తారు. గీసినవారి చదువేమిటని యాప్ మొదట అడిగింది. జాబితా డాక్టరేటు దగ్గర మొదలై, డిగ్రీ దాకా దిగి, అక్కడ అలిసిపోయి ఆగింది. నేను తొమ్మిదో తరగతి మధ్యలో ఆగినదాన్ని. చిట్టచివర 'ఇతరములు' అని ఉంటే నొక్కాను. 'ఇతరములు అయినందుకు ధన్యవాదాలు' అంది. తర్వాత కథలోని వ్యక్తి ఫోన్ నంబరు అడిగింది. ఆ నంబరుకు ఓటీపీ వస్తుందట, అది చెబితేగాని ముందుకు పోదట. నేను మా అత్త నంబరు ఇచ్చాను. పొరపాటు ఇక్కడే జరిగిందని విభాగం వారు తర్వాత సెలవిచ్చారు. (వంతెనవ్వ నంబరు నా దగ్గరుంటే ఇవ్వకుండా దాచుకుంటానా.)

యాప్ బొమ్మలోని ముఖాన్ని, ఆ నంబరు గల మనిషి ముఖాన్ని పక్కపక్కన పెట్టి చూసి, ఆకుపచ్చ టిక్కు పెట్టింది. 'అభినందనలు. కథలోని వ్యక్తి ధ్రువీకరణ పూర్తయినది. వ్యక్తి సజీవంగా ఉన్నారు.' నేను సంబరపడ్డాను. మర్నాడు ఇంకోటి వచ్చింది. 'కథ ప్రకారం సదరు వ్యక్తి రాయి. రికార్డు ప్రకారం సజీవం. ఈ తేడాను విచారించుటకు శిలాస్థితి పరిశీలకులు మీ ఇంటికి వచ్చెదరు.'

వచ్చాడు. మెడలో కార్డు, చంకలో ట్యాబు, చేతిలో చిన్న సుత్తి. మా అత్త ముందుగదిలో బఠాణీలు వలుస్తోంది.

"వంతెనవ్వ మీరేనా అమ్మా?"

"ఎవరు చెప్పారు?"

"సిస్టమ్ చెప్పింది."

"అయితే అయ్యే ఉంటాను. కూర్చో బాబూ. ఆ గిన్నె కాస్త ఇటు జరుపు."

ఆయన గిన్నె జరిపి కూర్చున్నాడు. "మీరు ఈపాటికి రాయి అయి ఉండాలి కదమ్మా."

"నా మోకాళ్ళనడుగు. అవి ఎప్పుడో అయ్యాయి."

"మోకాళ్ళు ఒక్కటే చాలవు. పూర్తిగా కావాలి."

నేను అడ్డుపడ్డాను. "సార్, అది సరదాకి గీసిన బొమ్మ. ముఖం మార్చేస్తాను, ఇంతటితో వదిలేయండి."

"ధ్రువీకరించిన ముఖాన్ని మారిస్తే ఫోర్జరీ అవుతుందమ్మా. ఇక ఉన్నవి రెండే దారులు. ఈవిడ మనిషేనని రాస్తే, కథ అబద్ధమవుతుంది, బొమ్మ రద్దవుతుంది. ఈవిడ రాయేనని రాస్తే, బొమ్మ గోడెక్కుతుంది. మీ ఇష్టం. మేము బలవంతం చేయం."

లోపలి గదిలో బుడ్డది దగ్గింది. నా మెడ అటు తిరిగింది, మా అత్త చేయి గిన్నెలోనే ఆగింది. రెండో దగ్గు వస్తుందేమోనని ఇద్దరం కాసేపు చూశాం. వచ్చింది.

"రాయే అని రాసుకో నాయనా" అంది మా అత్త.

"అత్తయ్యా, వద్దు. ప్రభుత్వం రాసుకున్నదాన్ని మళ్ళీ చెరపడం మన తరమవుతుందా?"

"నువ్వూరుకోవే. కాపురానికొచ్చిన దగ్గర్నుంచీ పక్కింటావిడతో నన్ను బండరాయి అంటూనే ఉన్నావుగా. ఇన్నాళ్ళకు పై నుంచి కూడా ఒప్పుకున్నారు. సంతోషించు."

(నేనలా అన్నది ఒక్కసారే. అదీ గొంతు తగ్గించి.)

పరిశీలకుడు సుత్తితో ఆవిడ భుజం మీద ఎంతో మర్యాదగా తట్టాడు.

"నొప్పిగా ఉందా?"

"ఉందంటే?"

"మళ్ళీ ఇంకోసారి రావాల్సి ఉంటుందమ్మా."

"అయితే లేదులే."

'గట్టి రకం' అని ట్యాబులో నొక్కి, మంచినీళ్ళు తాగి వెళ్ళిపోయాడు.

ఆ వారంలోనే అనుమతి వచ్చింది, స్వల్ప సవరణలతో. ఆ కాలంలో చుక్కల గొడుగులు ఉన్నట్టు ఆధారం లేదు కాబట్టి చుక్కలు తుడిచేయమన్నారు. వీపు మీది మేకలు గుంపుగా నడవడం వరస పద్ధతికి విరుద్ధమట. ఒకదాని వెనక ఒకటి నిలబెట్టమన్నారు. కొప్పు తింటున్న మేకకు జరిమానా వేస్తూ పక్కన చిన్న బోర్డు గీయమన్నారు. వరదలో నవ్వడం బాధ్యతారాహిత్యమని చిరునవ్వుల ఉపాధికారి అవ్వ పెదవుల్ని స్వయంగా కొలిచి, సగానికి తగ్గించమని రాశారు. అన్నీ చేశాను. సగం నవ్వుతో మా అత్త ముఖం అచ్చం మా అత్తలాగే కుదిరింది.

నర్సక్క ఎర్ర పటం తీసేసి వంతెనవ్వను గోడకెక్కించింది. బుడ్డది గుమ్మం దగ్గర అలవాటుగా కాళ్ళు తన్ని పెట్టింది. తలెత్తి చూసింది. నా చేయి వదిలించుకుని తానే లోపలికి నడిచింది. బొమ్మ కింది కుర్చీ ఎక్కి కూర్చుని, పొగ పీలుస్తూ, మాస్కు లోపలినుంచే పక్కనున్న పిల్లాడికి, "అది మా నానమ్మ. మేకలు తొక్కినా ఏమనదు" అని చెప్పింది. వాడు ఏడుపు మానేసి మేకల్ని చూశాడు. ఆయాసం దానికి, ఊపిరి తీసుకున్నది నేను.

తన బొమ్మ చూసుకోవడానికి మాతో వచ్చిన మా అత్త, ఎటూ వచ్చాం కదా అని అదే అంతస్తులో మోకాళ్ళ డాక్టరు దగ్గర చీటీ రాయించుకోబోయింది. కౌంటరులోని గుమాస్తా నంబరు కొట్టి, తెర చూసి, ఆవిడ్ని చూసి, మళ్ళీ తెరనే నమ్మాడు.

"మీరు రాయమ్మా. మనుషుల వైద్యం మీకు వర్తించదు."

"మరి నేను ఎవరికి చూపించుకోవాలి నాయనా?"

"వంతెనగా పనిచేసిన రాయి అని ఉంది. రోడ్లు, వంతెనల శాఖలో కనుక్కోండి."

వెళ్ళాం. నిజం చెప్పొద్దూ, అక్కడివాళ్ళు మమ్మల్ని కూర్చోబెట్టి మరీ మాట్లాడారు. ఇంజనీరు మా అత్త మోకాళ్ళు రెండూ నొక్కి చూసి, పగుళ్ళున్నాయని ఒప్పుకున్నాడు. మరమ్మతుల వరసలో ఆవిడ పేరు చేర్పించాడు. వరసలో ఆవిడకంటే ముందు ఏటి మీది వంతెన ఒక్కటే ఉందట. స్తంభాలు ఎప్పుడో కదిలాయట గాని, పూర్తిగా కూలితే తప్ప దాని ఫైలు తెరవడానికి నిబంధనలు ఒప్పుకోవట. ఒకసారి కూలిందంటే, వెంటనే మా అత్త వంతేనట.

ఆస్పత్రికి మేము వారం వారం వెళ్ళేది ఆ వంతెన మీదుగానే.