నాడె ముక్కు బల్ల

1961 నవంబరులో ఒక గురువారం ఉదయం ఏడు గంటలకు, మంథని దగ్గరి గోదావరి రేవులో కైలాసం నీళ్లలో పడ్డాడు. అదే వేళకు అవతలి ఒడ్డున అతని అత్తగారి ఊళ్లో, అతని తల్లి దేవవ్వ చనిపోయిందని ఏడుపులు మొదలయ్యాయి. దేవవ్వ అప్పుడు ఇవతల తన ఇంట్లో, పొయ్యి మీద జొన్న గట్క కలుపుతోంది.

కైలాసం మగ్గం నేస్తాడు. అంతకుముందు కొంతకాలం బొంబాయి మిల్లులో పనిచేశాడు. సెలవు దొరికితే సముద్రం ఒడ్డుకు వెళ్లేవాడు. అక్కడ కొందరు దొరలు బల్లల మీద నిలబడి అలల మీద ఒడ్డుకు వచ్చేవారు. కైలాసం చూశాడు. ఎక్కలేదు. ఇంటికి వచ్చాక ఎక్కానని చెప్పాడు.

దసరాకు అత్తగారింట్లో భోజనాల దగ్గర ఈ మాట మళ్లీ వచ్చింది. బావమరిది వెంకటి నవ్వాడు.

"బావా, నువ్వెక్కితె బర్రెనే కూలవడ్తది. బల్ల ఆగిందా?"

"ఆగింది. గోదారిల గూడ ఆగుతది. నిలవడి సూపెడ్త, సూస్తవా?"

కైలాసం భార్య కమలవ్వ వడ్డిస్తోంది. ఆమె గరిటె పక్కన పెట్టింది.

"నిలవడి సూపెట్టు. లేకుంటె అబద్ధమాడిన్నని మా తమ్ముని ముంగట ఒప్పుకో. రెండిట్ల ఒక్కటన్న అయినంకనే నేనొస్త."

ఆమె పుట్టింట్లోనే ఉండిపోయింది. కైలాసం ఒక్కడే పడవెక్కి వచ్చాడు. ఒప్పుకోవడం గురించి అతను ఆలోచించలేదు. నేరుగా వడ్రంగి హనుమంతు దగ్గరకు వెళ్లి, రంపపు పొట్టులో వేలితో మూడు బొమ్మలు గీశాడు.

"గిది పొడుగు బల్ల. ముక్కు గుండ్రం, ఎడల్పెక్కువ. లావు మనిషినైనా ఆపుతది గని తిరుగుమంటె జల్ది తిరగది. గిది పొట్టిది, ముక్కు సూదోలె ఉంటది. ఎటంటె అటు తిరుగుతది. గీ మూడోది ఇంక చిన్నది, మీద బోర్ల పండుకొని పోవుడే."

హనుమంతు అతన్ని కింది నుంచి పైదాకా చూశాడు. "అయితె నీకు పొడుగుదే గద."

"ఎందుకు?"

"రెండున్నర మణుగులున్నవు కైలాసం, నిండు బియ్యం బస్తంత."

"బరువు సంగతి ఇడిసిపెట్టు. మగ్గంల నాడెను సూసినవా? రెండు దిక్కుల ముక్కే. పోగుల నడుమ నుంచి సర్రున పోతది. నాకు నాడె అసొంటి బల్ల గావాలె."

"నాడె మీద ఎవడన్న నిలవడ్తడా?"

"పోతదా లేదా?"

"పోతది."

"ఇగ చెయ్యి."

నిర్మల్ బొమ్మలకు వాడే పొణికి చెక్క తెప్పించారు. అది తేలిక. పలకలు జతచేసి సందుల్లో గుగ్గిలం కరిగించి పోశారు. బల్ల పక్కకు జారకుండా అడుగున తోక దగ్గర చేప రెక్కలాంటి చెక్క బిగించారు. బుధవారం రాత్రికి పని పూర్తయింది. తెల్లవారి ఎవరికీ తెలియకుండా రేవులో సాధన చేయాలని, తర్వాత వెంకటిని పిలవాలని కైలాసం అనుకున్నాడు.

గుగ్గిలం ఇంకా గట్టిపడలేదు. బల్ల వంగకుండా నలుగురు భుజాల మీద మోయాలని హనుమంతు చెప్పాడు. తాను ఒక మూల పట్టి, ముగ్గురు నేతగాళ్లను పిలిచాడు. ఎవరూ చూడకూడదని కైలాసం మగ్గం మీది కొత్త తెల్లబట్టను బల్లకు చుట్టాడు. దారిలో ఎక్కడైనా సందు విడితే గుగ్గిలం కరిగించడానికి నిప్పులు కావాలి. నిప్పుల కుండ కైలాసం తీసుకున్నాడు. కొత్త పని మొదలుపెడుతున్నానని అతను తలస్నానం చేశాడు. పంచె ఆరలేదు.

ముందు తడి పంచెతో కైలాసం, చేతిలో పొగలు కక్కే కుండ. వెనుక నలుగురి భుజాల మీద తెల్లబట్ట చుట్టిన బల్ల. వాళ్లు ఏటి దారి పట్టారు.

వాకిలి ఊడుస్తున్న బుచ్చవ్వ చీపురు కింద పెట్టి దండం పెట్టింది. కైలాసం తల ఊపాడు.

"సూసినవా హనుమంతన్నా? పని కాకముందే దండాలు."

ఇద్దరు ముసలివాళ్లు చెప్పులు విడిచి వెంట నడిచారు. తర్వాత ఇంకొందరు చేరారు. విషయం బయటికి పొక్కిందని కైలాసానికి అర్థమైంది. ఇంతమంది వచ్చారని ఛాతీ కూడా కొంచెం పొంగింది. బుచ్చవ్వ నలుగురు ఆడవాళ్లను వెంటబెట్టుకొని దేవవ్వ ఇంటికి బయలుదేరింది.

పడవ నడిపే కొండల్ అప్పటికి నది మధ్యలో ఉన్నాడు. అతను కుండను, మోసేవాళ్లను, ముందు నడుస్తున్న మనిషిని చూశాడు. వెనక్కి తిరగలేదు. అవతలి ఒడ్డుకు చేరగానే కమలవ్వ ఇంటికి పరుగెత్తాడు.

"కైలాసం కుండ వట్టిండు. నా కండ్లతోని సూసిన."

"ఎవలు పోయిన్రు?" అని వెంకటి అడిగాడు.

"గా ఇంట్ల ముసలామె గాక ఇంకెవలున్నరు?"

కమలవ్వ కూలబడింది. లేచి చెంగు నోట్లో కుక్కుకొని రేవుకు నడిచింది. వెంకటి, బంధువులు వెంట వచ్చి పడవ ఎక్కారు.

ఇవతలి రేవులో కైలాసం బట్ట విప్పాడు. వెంట వచ్చినవాళ్లు బల్లను చూశారు. స్నానం చేయాలా వద్దా అని కొంత వాదన జరిగింది. సగం మంది తిట్టి వెళ్లిపోయారు. మిగిలినవాళ్లు కూర్చున్నారు.

కైలాసం బల్లెక్కాడు. ముక్కు మునిగింది. పడ్డాడు. రెండోసారి బల్ల బోర్లపడింది. మూడోసారి అతను నిటారుగా నిలబడ్డాడు. నీళ్లు ఛాతీ దాకా వచ్చాయి.

"నిలవడ్డ! సూడుండ్రి!"

"నిలవడ్డవు," అన్నాడు హనుమంతు. "బల్ల గూడ అడుగుకు దిగి నేల మీద నిలవడ్డది."

అప్పుడే పడవ ఒడ్డుకు తగిలింది. కమలవ్వ ఇసుకలోకి దూకింది.

"అత్తా! నన్ను బిడ్డోలె సూస్కుంటివి గదనే! నీ మొఖం గూడ సూడకపోతి గదనే!"

"ఏందే కమలా, ఎవలు సచ్చిన్రు?"

దేవవ్వ గట్టు దిగి వస్తోంది. అంతకుముందు బుచ్చవ్వ ఇంటికి వచ్చి ఆమెను చూసి కేక వేసింది. కైలాసం ఎవరి శవాన్నో తీసుకుపోతున్నాడని చెప్పింది. ఎవరి శవమో అడుగుదామని దేవవ్వ వచ్చింది.

కొండల్ ఆమెను చూశాడు. చేతిలోని పడవ తాడు వదిలేసి గట్టెక్కి పరుగెత్తాడు. ఖాళీ పడవ మెల్లగా లోతుకు జారింది. ఆ రేవుకు ఉన్నది ఆ ఒక్క పడవే.

"బావా, బల్ల ఉన్నది గద," అన్నాడు వెంకటి. "పొయ్యి పట్కరా."

"గదెంత పని?" అని కైలాసం బల్ల మీద బోర్లా పడుకున్నాడు. రెండు బారలు వేశాడు. బల్ల మునిగింది. అతను లేచి బల్లను పైకి లాగాడు. మళ్లీ పడుకున్నాడు. మళ్లీ మునిగింది. పడవ దూరమవుతోంది.

కమలవ్వ కండ్లు తుడుచుకుంది. చీర బిగించి కట్టింది. ఏటి ఒడ్డున పుట్టిన మనిషి. నీళ్లలో దిగి భర్త చేతిలోంచి బల్ల లాక్కుంది. దాని మీద బోర్లా పడుకొని రెండు చేతులతో నీళ్లు తోసింది. బల్ల మునగలేదు. ముక్కు నీళ్లను చీల్చుకొని పోయింది.

"నాడె!" అని కైలాసం అరిచాడు. "నేను చెప్పలె? నాడె!"

ఆమె పడవను అందుకుంది. బల్లను పడవలోకి లాగి, గడ వేసుకుంటూ రేవుకు తెచ్చింది. వెంకటి తాడు పట్టుకున్నాడు.

"అక్కా, బావ నిలవడలే. ఒప్పుకోలే. పా, పోదాం."

కమలవ్వ పడవలోంచి బల్లను దించింది. చెయ్యి వేసి అంచు తడిమింది. "గిది ఆయనకు సరిపోయేది గాదు. నాకు సరిపోయింది."

"మరి నువ్వు వెట్టిన షరతు?"

"పెట్టింది నేను. నాకు తెల్వదా? దీని మీద నిలవడుడు నేను నేర్చుకుంట. ఎన్క ఆయనకు నేర్పిస్త."

"నాకు నేర్పుతవా?" అన్నాడు కైలాసం. "బొంబాయిల నేను—"

"నువ్వు జర నోరు మూస్కో."

దేవవ్వ కోడలి తడి తల మీద చెయ్యి వేసింది. "నా కోసం గంతగనం ఏడ్సినవా బిడ్డా?"

"ఏడ్సిన. ఇగ నువ్వు నిజంగ పోయినా మల్ల ఏడువ."

గట్టు మీద నుంచి కొండల్‌ను ఇద్దరు పట్టుకొచ్చారు. దేవవ్వ చెయ్యి పట్టుకొని చూడమన్నారు. అతను చూసి, గడ తీసుకున్నాడు. బంధువులు పడవ ఎక్కారు.

పదిన్నరకు పడవ అవతలి ఒడ్డు చేరింది. వెంకటి దిగాడు, బంధువులు దిగారు. కమలవ్వ అందులో లేదు.